దేశం మారిన కొడుకు, ఊళ్లో మిగిలిన పొలం

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో అయిదు ఒకే సంగతి గురించి వచ్చాయి. విదేశానికి వెళ్లి స్థిరపడినవారు అక్కడి పౌరులు కావడం, అయ్యాక ఇంటా బయటా ఎలా మెలగడం అన్నదే ఆ సంగతి. అందుకని వాటినన్నిటినీ ఒకచోట చేర్చాం. ఉత్తరాలను కొంత కుదించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందాను. మా అబ్బాయి 2007లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. ఏళ్ల తరబడి ఎదురుచూడగా 2020లో గ్రీన్ కార్డు వచ్చింది. ఇప్పుడు పౌరసత్వానికి దరఖాస్తు పెడతానంటున్నాడు. పాత దేశం పట్ల విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని అక్కడ ప్రమాణం చేయాలట. ఆ మాట విన్నప్పటి నుంచి మాకు మనసు మనసులో లేదు. "ఇగ వాడు మనోడు కాడా?" అని మా ఆవిడ అడుగుతోంది. సాగర్ ఎడమ కాలువ కింద మాకు నాలుగెకరాల పొలం ఉంది. అబ్బాయి ఆ దేశపు పౌరుడు అయ్యేలోపే దానిని అతని పేర గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయించమని కొందరు తొందరపెడుతున్నారు. మా అమ్మాయి సూర్యాపేటలో ఉంటుంది. ఏం చేయమంటారు? – విశ్రాంత ఉపాధ్యాయుడు, హాలియా

జవాబు: ముందు పొలం సంగతి చెబుతాను, తొందరలో తప్పటడుగు పడేది అక్కడే కనుక. మీకు సలహా చెప్పినవారు పౌరసత్వం మారకముందు ఒక న్యాయం, మారిన తర్వాత మరొక న్యాయం ఉంటుందని అనుకున్నట్లున్నారు. వ్యవసాయ భూమి విషయంలో చట్టం చూసేది ముందుగా నివాసాన్ని. ఫెమా అని అందరూ పిలిచే 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, దాని కింద చేసిన నిబంధనల ప్రకారం, విదేశంలో నివసించే భారతీయుడు తన చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నా సరే ఇక్కడ వ్యవసాయ భూమిని, తోటను, ఫామ్‌హౌస్‌ను కొనడానికి వీల్లేదు, గిఫ్టుగా పుచ్చుకోవడానికీ వీల్లేదు. ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం అయితే ఆ అభ్యంతరం లేదు. కాబట్టి మీ అబ్బాయి పేర పొలం గిఫ్టు చేయడం ఇవాళా కుదరదు, అతను అమెరికా పౌరుడైన తర్వాతా కుదరదు. వారసత్వంగా వచ్చే భూమికి మాత్రం ఈ అడ్డు లేదు. మీ తదనంతరం అతని వాటా అతనికి వస్తుంది. అప్పటికి అతను అమెరికా పౌరుడై ఉన్నా విరాసత్ చేయించుకుని ఉంచుకోవచ్చు. అమ్మదలచుకుంటే మన దేశంలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి.

అతని వాటా అని కావాలనే అన్నాను. మీ ఉత్తరంలో అమ్మాయి ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో, అదీ ఆమె ఎక్కడ ఉంటుందో చెప్పడానికే వచ్చింది. ఆ నాలుగెకరాలు మీ స్వార్జితమై, మీరు వీలునామా రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కింద మీ భార్యకు, కొడుకుకు, కూతురికి సమానంగా చెందుతాయి. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంది. కాలువకు నీళ్లు వదిలిన రోజున బయలుదేరి మధ్యాహ్నానికల్లా పొలం గట్టు మీద నిలబడగలిగిన సంతానం మీకు ఆమె ఒక్కతే. మీరు అడగకపోయినా ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం నాకు న్యాయమనిపించలేదు.

ఇక ప్రమాణం. మీరు విన్నది నిజమే. ఇంతవరకు తాను ఏ పరాయి రాజుకు, ఏ రాజ్యానికి ప్రజగా ఉన్నాడో ఆ విధేయతను సంపూర్ణంగా విడిచిపెడుతున్నానని అభ్యర్థి చెయ్యెత్తి పలకాలి. పాత విధేయతను విడిచిపెట్టాలన్న ఆ షరతు అమెరికా చట్టంలోకి 1795లోనే వచ్చింది. బ్రిటిష్ రాజు మీద తిరగబడి కొత్తగా ఏర్పడిన దేశం అది. వచ్చినవాడు పాత రాజు మనిషిగా మిగిలిపోతాడేమోనన్న భయం ఆ మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. రాజులూ రాజ్యాలూ తప్ప అందులో తల్లి లేదు, ఊరు లేదు, భాష లేదు. పైగా అవే మాటలు పలికిన బ్రిటన్ పౌరుడు తన బ్రిటిష్ పాస్‌పోర్టును హాయిగా ఉంచుకుంటాడు, ఎందుకంటే బ్రిటన్ చట్టం ఆ ప్రమాణాన్ని పట్టించుకోదు. మీ అబ్బాయి భారత పౌరసత్వం పోయేది అక్కడ పలికే మాటల వల్ల కాదు, మన చట్టం వల్ల. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవారు భారత పౌరులుగా ఉండరని మన రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షను చెబుతున్నాయి. మీ బాధ న్యాయమైనదే, కాకపోతే దాని చిరునామా అమెరికా కోర్టు హాలు కాదు, మన పార్లమెంటు.

వచ్చినవాణ్ణి వెనక్కి తిరిగే ఆలోచన వదులుకోమనడం మనకు తెలియని సంగతి కూడా కాదు. హైదరాబాద్ రాజ్యంలో 1919 నాటి ముల్కీ నిబంధనలను గుర్తు చేసుకోండి. బయటి నుంచి వచ్చినవాడు ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే 15 ఏళ్లు ఇక్కడ శాశ్వతంగా నివసించడమే కాకుండా, తన పూర్వ నివాసానికి తిరిగి వెళ్లే ఉద్దేశాన్ని విడిచిపెట్టినట్లు అఫిడవిట్ కూడా ఇవ్వాలి. ఆ నిబంధనలు అమలు కావడం లేదని 1969లోను, వాటి కోసమే 1972లోను మన జిల్లాల విద్యార్థులు రోడ్డెక్కారు. వచ్చినవాడు ఇక్కడివాడుగా ఉండాలని మనం కోరడం న్యాయమని అప్పుడు మనకు తోచింది. మీ అబ్బాయిని ఆ దేశం అడుగుతున్నదీ అటువంటిదే, కాలం మాత్రం గ్రీన్ కార్డు వచ్చాక అయిదేళ్లు.

మీ తండ్రిగారో తాతగారో 1948 సెప్టెంబరుకు ముందు పుట్టి ఉంటారు. అంటే ఆయన నిజాం ప్రజగా పుట్టి, హాలీ సిక్కా రూపాయలు లెక్కపెట్టి, ఆ తర్వాత ఇల్లు కదలకుండానే, ఎవరి ముందూ చెయ్యెత్తకుండానే 1950 జనవరి 26 నాటికి మరో రాజ్యపు పౌరుడయ్యారు. ఊరు అదే, బావి అదే, వరుసలు అవే. రాజ్యం మారినంత మాత్రాన ఆయన మీకు కాకుండా పోలేదు. ఈ పోలికలో ఒక లోపం ఉందని నాకూ తెలుసు: ఆయన చుట్టూ ఊరు అలాగే నిలిచి ఉంది, మీ అబ్బాయి చుట్టూ లేదు. అయితే ఆ ఊరు అతని చుట్టూ లేకుండా పోయింది 2007లో, విమానం ఎక్కిన రోజున. ఇప్పుడు పెట్టే సంతకం వల్ల కాదు.

ఒకప్పుడు మనవాళ్లు ఎంత మొరపెట్టుకున్నా ఆ పౌరసత్వం దొరకలేదన్న సంగతి కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి ఇచ్చిన పౌరసత్వం చెల్లదని, హిందూ దేశస్థుడు చట్టం చెప్పే 'తెల్లవాడు' కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భారతీయులకు ఆ తలుపు తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి వంద మంది వలసదారులకు మాత్రమే చోటు ఇస్తూ. మీ అబ్బాయి ఏళ్ల తరబడి వేచి ఉండటానికి కూడా చట్టమే కారణం. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 ఉంటే, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. అంతకాలం వీసా మీద బతికినవాడికి, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవాలేమో అన్న దిగులు రాత్రిళ్లు ఎలా ఉంటుందో మనకు ఫోనులో చెప్పి ఉండడు. అతను కోరుకుంటున్నది మీకు దూరం కావడం కాదు, ఆ దిగులుకు దూరం కావడం.

నిజంగా పోయేవి ఏమిటో కూడా దాచకుండా చెప్పాలి. ఓటు పోతుంది. ఎన్నికల్లో నిలబడే హక్కు, ప్రభుత్వోద్యోగం, రాజ్యాంగ పదవులు పోతాయి. భారత పాస్‌పోర్టును అప్పగించి, పౌరసత్వం వదులుకున్నట్లు పత్రం తీసుకోవాలి. ఆ తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటే జీవితాంతం వీసా లేకుండా వచ్చి పోవచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఆ పథకం మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో. పేరులో పౌరసత్వం అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు. మీ ఆవిడ గారికి ఈ జాబితా చదివి వినిపించండి. ఆమె భయపడుతున్నది ఈ జాబితాలో ఉందో లేదో ఆమెనే చూసుకోమనండి.

ప్రశ్న: మాది జడ్చర్ల. నేను, మా వారు న్యూజెర్సీలో ఉంటాం, ఇద్దరం అమెరికా పౌరులం. మా అమ్మకు 63 ఏళ్లు. ఆరేళ్ల కిందట గ్రీన్ కార్డు మీద వచ్చింది. తెలుగు చదవగలదు, ఇంగ్లీషు రాదు. ఏటా మామిడి కాలానికి జడ్చర్ల వెళ్లి ఏడెనిమిది నెలలు ఉండి వస్తుంది. వయసు పైబడినవారికి పరీక్ష తెలుగులోనే పెడతారని ఒకరు చెప్పారు. అమ్మకు పౌరసత్వం వస్తే ఊళ్లో ఉన్న మా తమ్ముణ్ణి, అతని భార్యాపిల్లలను కూడా రప్పించుకోవచ్చని మా ఆలోచన. – ఒక సోదరి

జవాబు: పరీక్ష కన్నా ముందు ఆ ఏడెనిమిది నెలల సంగతి చూసుకోవాలమ్మా. దరఖాస్తుకు ముందటి అయిదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. అదొక్కటే కాదు, ఒక్క విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిపోయిందని అధికారులు భావించవచ్చు. కాదని రుజువు చేసుకునే బాధ్యత ఆమెదే. ఏడాది దాటితే సాధారణంగా తెగిపోయినట్లే. ఏటా ఎనిమిది నెలలు జడ్చర్లలో ఉన్న మనిషికి అయిదేళ్లు గడిచినా 30 నెలలు పూర్తి కావు, కావాలంటే వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. అసలు అలా తిరుగుతుంటే పౌరసత్వం మాట అటుంచి, గ్రీన్ కార్డుకే ఏదో ఒక రోజు విమానాశ్రయంలో ప్రశ్న ఎదురవుతుంది.

వయసు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అది వయసును ఒక్కదానినే చూడదు. 50 ఏళ్లు దాటి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు నివసించినవారికి, 55 దాటి 15 ఏళ్లు నివసించినవారికి ఇంగ్లీషు పరీక్ష ఉండదు. దేశ చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నలకు దుబాసీ సాయంతో సొంత భాషలోనే జవాబు చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవారికి ఆ ప్రశ్నలు కూడా తక్కువ. మీ అమ్మగారికి ఆరేళ్లే కాబట్టి ఈ మూడింటిలో ఏదీ వర్తించదు. నేర్చుకునే శక్తిని దెబ్బతీసే శారీరక, మానసిక వైకల్యం ఉంటే వైద్యుడు ధ్రువీకరించే ఎన్-648 పత్రం ఒకటి ఉంది. చదువు లేకపోవడం, ముసలితనం వైకల్యం కిందికి రావు. కొందరు ఏజెంట్లు వస్తాయని చెప్పి ఆ పత్రం రాయిస్తుంటారు. దాని జోలికి వెళ్లకండి.

ఇంగ్లీషు పరీక్ష మీరు అనుకునేంత కొండ కాదు. మూడు చిన్న వాక్యాలలో ఒకటి తప్పు లేకుండా చదవాలి, మూడింటిలో ఒకటి రాయాలి, ఇంటర్వ్యూలో అడిగినవి అర్థం చేసుకుని మాట్లాడాలి. వాక్యాలలో వచ్చే పదాల పట్టికను వారే ప్రకటించారు. 2025 అక్టోబరు 20 నుంచి పెట్టే దరఖాస్తులకు, దేశ చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే పౌర పరీక్ష మాత్రం బరువెక్కింది. ఇదివరకు 100 ప్రశ్నల పట్టిక నుంచి 10 అడిగి 6 సరిగ్గా చెబితే చాలనేవారు. ఇప్పుడు 128 ప్రశ్నల నుంచి 20 అడిగి 12 సరిగ్గా చెప్పాలంటున్నారు. తప్పితే మరొక అవకాశం 60 నుంచి 90 రోజుల లోపు ఇస్తారు. రెండోసారీ తప్పితే దరఖాస్తు పోతుంది, గ్రీన్ కార్డు పోదు.

తమ్ముడి సంగతి. పెళ్లయిన కొడుకు కోసం దరఖాస్తు పెట్టే హక్కు పౌరులైన తల్లిదండ్రులకే ఉంది, ఆ మాట సరైనదే. కానీ ఆ వరుసలో ఉన్న భారతీయులు ఇప్పుడు పదేళ్లకు పైగా ఎదురుచూస్తున్నారు. మీ అమ్మగారికి పౌరసత్వం వచ్చి, ఆ తర్వాత అంతకాలం గడిచి, అప్పటికి పిల్లలకు 21 ఏళ్లు నిండకుండా ఉంటే కదా ఆ ఆలోచన ఫలించేది. దాని కోసం ఒక తల్లి తన మామిడి తోటను వదిలి నాలుగు చలికాలాలు అపార్టుమెంటులో కూర్చోవాలా అన్నది మీరు ఆమెను అడిగారో లేదో ఉత్తరంలో రాయలేదు. ఆమె 'సరే' అంటే నేర్పండి, ఆమె నేర్చుకుంటుంది. 'నాకెందుకే బిడ్డా' అంటే గ్రీన్ కార్డు వదులుకుని సందర్శక వీసా మీద వచ్చిపోవడంలో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: నాది కోస్గి. దుబాయిలో నిర్మాణ పనిలో 19 ఏళ్ల నుంచి ఉన్నాను. అమెరికాలో అయిదేళ్లకే పౌరసత్వం ఇస్తారని విన్నాను. మాకు ఎప్పుడు ఇస్తారు? – ఒక కార్మికుడు

జవాబు: ఇవ్వరు తమ్ముడూ. మీ నివాసం మీ పనికి ముడిపడి ఉంది. పని ఆగితే నివాసమూ ఆగుతుంది. 2021లో ఆ దేశం పెట్టుబడిదారులు, వైద్యులు, శాస్త్రవేత్తలు, కళాకారుల వంటి కొందరిని తానే ఎంపిక చేసి పౌరసత్వం ఇవ్వడానికి నిబంధనలు సవరించింది. ఆ భవనాలను కట్టినవారి పేర్లు ఆ వరుసలో లేవు. పందొమ్మిదేళ్లు ఎండలో నిలబడిన మనిషికి ఈ జవాబు చెప్పడం కష్టంగానే ఉంది. ఒక్క సంగతి మాత్రం మీ చేతిలో ఉంది. మీరు ఇంకా భారత పౌరులు కాబట్టి, ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు వేయడానికి మాత్రం పోలింగు కేంద్రానికి స్వయంగా రావాలి. సెలవు దొరకక రాలేనివాడికి ఇది ఏ మాత్రం అక్కరకు వస్తుందని మీరు అడిగితే, ఆ అడగడం న్యాయమే.

ప్రశ్న: మేము అచ్చంపేట నుంచి మెల్‌బోర్న్ వచ్చి పదేళ్లయింది. నిరుడు ఆస్ట్రేలియా పౌరులమయ్యాం. అప్పటి నుంచి మా వారు 'ఇక ఇక్కడివాళ్లలాగే ఉండాలి' అని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. తొమ్మిదేళ్ల మా బాబుకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతాడు. బడికి జొన్నరొట్టె కట్టిస్తే మూత తెరవకుండా తిరిగి తెస్తాడు. నాయనమ్మతో ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటాడు. రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడని మా వారు అంటారు. – ఒక తల్లి

జవాబు: మీ వారు ఏ ప్రమాణం చేశారో ఒకసారి గుర్తు చేయండి. ఆస్ట్రేలియాకు, అక్కడి ప్రజలకు విధేయంగా ఉంటానని, వారి ప్రజాస్వామ్య విశ్వాసాలను పంచుకుంటానని, హక్కులను, స్వేచ్ఛలను గౌరవిస్తానని, చట్టాలకు కట్టుబడతానని చెప్పి ఉంటారు. అందులో ఇంటి భాష గురించి ఒక్క అక్షరం లేదు. దానికి ముందు రాసిన పరీక్షలో 20 ప్రశ్నలు ఉంటాయి, 75 శాతం రావాలి, విలువలకు సంబంధించిన అయిదింటిలో ఒక్కటీ తప్పకూడదు. ఆ విలువలు వాక్స్వాతంత్ర్యం, స్త్రీపురుష సమానత్వం, చట్టం ముందు సమానత్వం వంటివి. జొన్నరొట్టెకు వాటితో తగాదా లేదు.

భాషను తలుపు మూయడానికి వాడుకున్న కాలం ఆ దేశానికీ ఉంది. 1901 చట్టం కింద, రానివ్వకూడదనుకున్న మనిషికి అధికారి ఏదో ఒక యూరోపియన్ భాషలో 50 పదాల డిక్టేషన్ ఇచ్చేవాడు. ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంకేదో భాషలో ఇచ్చి తప్పించేవారు. ఆ పరీక్ష 1958లో పోయింది. తెల్లవారికే చోటన్న విధానం 1973 నాటికి పూర్తిగా తొలగింది. అంటే ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నా ఆ దేశపు మనిషివేనని ఆ ప్రభుత్వమే ఒప్పుకుని యాభై ఏళ్లు దాటింది. మీ వారు ఇంకా 1958కి ముందే ఆగిపోయినట్లున్నారు.

తికమక సంగతికి మీరు పుస్తకాలు వెతకనక్కర్లేదు. అచ్చంపేట చుట్టూ ఉన్న తండాలు చూస్తూ పెరిగినవారే కదా మీరు. అయిదేళ్ల లంబాడా పిల్ల యాడితో, అంటే తల్లితో, తమ భాష గోర్‌బోలీలో మాట్లాడి, అంగడికి వచ్చి తెలుగులో బేరమాడి, బడిలో ఇంగ్లీషు పద్యం చెబుతుంది. ఆ పిల్లకు తికమక అని ఎవరూ అనలేదు. సొంత లిపి లేకపోయినా ఆ భాష ఇన్ని తరాలు నిలిచింది ఇంట్లో మాట్లాడుకోవడం వల్లనే. అదే తండా పిల్లలు ఇవాళ హాస్టళ్లకు, పట్నాలకు వెళ్లి అవ్వకు జవాబు చెప్పలేకపోతున్నారు. వారి చేతిలో ఏ పరాయి పాస్‌పోర్టూ లేదు. హైదరాబాద్‌లో చదివే మన పిల్లల్లో దుకాణం మీద తెలుగు బోర్డు చదవలేనివారు ఎందరో లెక్కపెట్టండి. భాష పోవడానికి దేశం దాటనక్కర్లేదు, పౌరసత్వం తీసుకున్నంత మాత్రాన అది పోదు కూడా.

వలస వెళ్లినవారు కొత్త సమాజంలో ఇమిడే తీరు మీద చాలాకాలం పనిచేసిన కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ నాలుగు దారులు చెప్పారు. తమది వదిలి వారిది పట్టుకోవడం ఒకటి, వారిది వద్దని తమలోనే ముడుచుకోవడం ఒకటి, రెండింటికీ చెందకుండా పోవడం ఒకటి, రెండింటినీ ఉంచుకోవడం ఒకటి. చివరిదే మనిషికి ఎక్కువ నిబ్బరం ఇస్తుందని ఆయన అభిప్రాయం. నాకు మాత్రం ఆ నాలుగు గళ్లూ మరీ నున్నగా గీసినట్లు తోస్తాయి. మనిషి పొద్దున బడిలో ఒక గడిలో, సాయంత్రం వంటింట్లో మరొక గడిలో ఉంటాడు. మీ బాబు బడిలో వారివాడిగా ఉండాలనుకోవడం తప్పు కాదు, ఆ వయసుకు అదే సహజం.

అందుకని రొట్టె దగ్గర పంతానికి పోవద్దు. మధ్యాహ్నం వాడికి నచ్చింది కట్టండి, రాత్రి పళ్లెంలో జొన్నరొట్టె పెట్టండి. ఇంగ్లీషులో జవాబు చెప్పినప్పుడు కసరకుండా మీరు తెలుగులోనే కొనసాగించండి, నోరు తిరగడానికి కాలం పడుతుంది. మీ వారు ఇంగ్లీషు మానకపోయినా ఫరవాలేదు, ఒక్కరు తెలుగు వదలకుండా ఉంటే చాలు. నాయనమ్మతో 'ఏం చేస్తున్నవు, తిన్నవా' దగ్గరే మాట ఆగిపోవడానికి వాడి భాష ఒక్కటే కారణం కాదు, చెప్పుకోవడానికి ఇద్దరికీ ఉమ్మడి పని లేకపోవడం. ఆమెకు ఒక పని అప్పగించండి: రోజుకొక పొడుపు కథ వేసి, మరునాడు విప్పమనాలి. తొమ్మిదేళ్లవాడు ఓడిపోవడం భరించలేడు, జవాబు కోసమైనా మాట్లాడతాడు.

బతుకమ్మ గురించి మీరు రాసింది కుదింపులో పోయింది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. అక్కడి పార్కులో అందరూ కలిసి పేరుస్తారని, బాబు మాత్రం పక్కన ఫోను పట్టుకుని కూర్చుంటాడని రాశారు. మనకు వానలు వెనుకబడి తంగేడు, గునుగు విరబూసే వేళకు అక్కడ చలి తగ్గి వసంతం మొదలవుతుంది. తంగేడు లేదని దిగులుపడకుండా ఆ నేల మీద అప్పుడు ఏ పువ్వు పూస్తుందో వెతికి తెచ్చే పని వాడికి ఇవ్వండి. ఆ ఊరి పూలు మీకన్నా వాడికే బాగా తెలుసు.

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర. నేను టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మూడేళ్ల కిందట అమెరికా పౌరుణ్ణయ్యాను, ఓసీఐ కార్డు ఉంది. ఎప్పటికైనా ఊరికి తిరిగి వచ్చి సర్పంచ్‌గా పోటీ చేయాలని ఉంది. వీలవుతుందా? – ఒక యువకుడు

జవాబు: ఓసీఐ కార్డు మీద వీలుకాదు. ఊరి ఓటరు జాబితాలో పేరు ఉండాలి, దానికి భారత పౌరసత్వం ఉండాలి. తిరిగి పౌరుడు కావడానికి మాత్రం చట్టంలో దారి ఉంది. 1955 పౌరసత్వ చట్టంలోని 5వ సెక్షను కింద, ఓసీఐగా నమోదై అయిదేళ్లు గడిచినవారు, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసించి ఉంటే కేంద్ర హోం శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మంజూరయ్యే ముందు అమెరికా పౌరసత్వాన్ని వదులుకోవాలి. ఆ దేశం దానికి వేరే రుసుము తీసుకుంటుంది, పన్నుల లెక్కలూ తేల్చుకోమంటుంది.

ఆ 12 నెలలను తేలికగా తీసుకోకండి. వేములవాడ నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన ఒక నాయకుడి పౌరసత్వం మీద ఏళ్ల తరబడి నడిచిన వివాదానికి మూలం అదే. దరఖాస్తుకు ముందటి ఏడాదిలో చేసిన విదేశీ ప్రయాణాలను చెప్పలేదన్న కారణంతో కేంద్రం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో మన హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. పౌరుడైన వెంటనే ఓసీఐ కార్డు తీసుకుని ఉంటే మీకు ఇంకా రెండేళ్లు వ్యవధి ఉంది. ఆ తర్వాత ఏడాది పాటు కల్వకుర్తిలో ఉండగలిగే ఉద్యోగం ఏదో చూసుకోండి, విమానం ఎక్కిన తేదీ, దిగిన తేదీ ఇప్పటి నుంచే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇక ఎన్నికలో గెలవడానికి ఏం చేయాలన్నది మా శీర్షిక పరిధిలోకి రాదు. ఊళ్లో ఉన్న మీ పెద్దనాన్న గారిని అడగండి.